వణికే మరచేతికి పాత కంప్యూటర్ పెట్టె అండ
కరెంటు చాలకే కుప్పకూలుతున్న విద్యార్థుల నమూనాలు - ఎర్తింగు లేకుంటే మాత్రం ముప్పే

నరసరావుపేట, (మా గ్రామీణ విలేఖరి): చెక్కముక్కలతో, అట్టలతో ఎంతో ఓపికగా తయారుచేసిన మరచేయి అది. మీట తిప్పితే ముందుకు వంగి సుద్దముక్కను అందుకోవాలి. ఇంటి దగ్గర ఒక్కొక్క మోటారును విడివిడిగా కదిపి చూసినప్పుడు సవ్యంగానే పనిచేసింది. తీరా సైన్సు ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు బల్ల ముందుకు వచ్చి నిలబడేసరికి, మోటార్లన్నీ ఒక్కసారిగా కదలబోయి గజగజ వణికి చతికిలబడతాయి. బోర్డు మీది చిన్న దీపం ఆరుతుంది, వెలుగుతుంది, మళ్లీ ఆరుతుంది. పిల్లవాడి ముఖం చిన్నబోతుంది. పాఠశాలల్లో, పాలిటెక్నిక్‌లలో ఇలాంటి నమూనాలు పెట్టే చోట ఈ దృశ్యం కొత్తేమీ కాదు.

ఇటువంటప్పుడు మొదటి నింద ప్రోగ్రాము మీద పడుతుంది. రాత్రంతా కూర్చుని దాన్ని తిరగరాస్తారు. రెండో నింద మోటారు మీద. నాసిరకమని పక్కన పడేసి కొత్తవి కొంటారు. అయినా చేయి వణుకు మానదు. నిజానికి చాలాసార్లు లోపం ప్రోగ్రాములోనూ ఉండదు, మోటారులోనూ ఉండదు. మోటార్లకు కావలసినంత కరెంటు అందకపోవడమే అసలు కారణం. తిండి లేని మనిషికి ఎంత తెలివి ఉన్నా బస్తా ఎత్తలేడు కదా!

కేంద్ర ప్రభుత్వపు ఇన్‌స్పైర్ మనక్ పథకం కింద ఎంపికైన విద్యార్థికి నమూనా తయారీ కోసం 10 వేల రూపాయలు ఇస్తున్నారు. కొన్ని పాఠశాలల్లో అటల్ టింకరింగ్ ల్యాబులు కూడా వెలిశాయి. అయితే ఈ రెండూ అందని పిల్లలే ఎక్కువ. వారికి ఒక్కో మోటారు కొనడమంటే ఇంట్లో ఒక పూట కూలి డబ్బు అడగడమే. అలాంటి వారికి మన ఊళ్లలోని కంప్యూటర్ రిపేరు దుకాణాల్లో మూలపడి ఉన్న ఒక ఇనుప పెట్టె అక్కరకు వస్తుంది. పాత డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో కరెంటు సరఫరాచేసే ఎస్.ఎం.పి.ఎస్. అది. పద్ధతి తెలిసి వాడితే ఆరు మోటార్ల మరచేతిని తేలికగా నడుపుతుంది. తెలియక వాడితే ప్రాణం మీదికి తెస్తుంది.

మోటారు చిన్నది, ఆకలి పెద్దది

విద్యార్థులు వాడే ఈ మోటారును సర్వో అంటారు. మామూలు మోటారులా గిరగిర తిరగదు. చెప్పిన కోణానికి తిరిగి అక్కడే బిగిసి నిలుస్తుంది. దీనికి మూడు తీగలుంటాయి. ఎరుపు తీగ కరెంటుకు, గోధుమరంగు లేదా నల్లతీగ గ్రౌండుకు, నారింజ లేదా పసుపు తీగ ఆజ్ఞకు. సెకనుకు 50 సార్లు చిన్న విద్యుత్ స్పందన పంపుతారు. అది సెకనులో వెయ్యో వంతు నుంచి రెండు వెయ్యో వంతుల వరకు ఎంతసేపు ఉంటే ఆ మేరకు మోటారు కోణం మారుతుంది. ఆజ్ఞకు పట్టే కరెంటు అతి స్వల్పం. పనికి పట్టే కరెంటే ఎక్కువ.

బజారులో విరివిగా దొరికే నీలిరంగు ఎస్.జి. 90 సర్వో బరువు 9 గ్రాములే. అయినా బరువు పడి ఆగిపోయినప్పుడు అది ముప్పాతిక ఆంపియరు దాకా లాగుతుంది. మరచేయి భుజానికి, మోచేతికి వాడే ఎం.జి. 996 ఆర్ అనే పెద్ద రకం బరువు 55 గ్రాములు. ఇది ఆగిపోయిన స్థితిలో సుమారు రెండున్నర ఆంపియర్లు మింగుతుంది. కదలడం మొదలుపెట్టే క్షణంలోనూ దాదాపు అంతే లాగుతుంది. నాలుగు పెద్దవి, రెండు చిన్నవి కలిసిన చేయి అయితే లెక్క 11 ఆంపియర్లు దాటుతుంది.

మరి పిల్లలు ఈ మోటార్లను ఎక్కడ తగిలిస్తున్నారు? ఆర్డుయినో బోర్డు మీది 5 ఓల్టుల కాలుకు. ఆ బోర్డుకు కరెంటు కంప్యూటర్ యు.ఎస్.బి. తీగ నుంచి వస్తుంది. ఊనో రకం బోర్డులో ఆ దారిలో అర ఆంపియరు ఫ్యూజు ఉంటుంది. అర ఆంపియరు దారిలో పదకొండు ఆంపియర్లు నడవాలంటే పిల్లకాలువలో సాగర్ కాలువ నీళ్లు పారించినట్టే.

అప్పుడు జరిగేది ఇది. మోటారు కదలబోతుంది. ఓల్టేజి ఒక్కసారిగా పడిపోతుంది. ఒక హద్దు కంటే దిగగానే బోర్డులోని చిప్ తనంతట తాను ఆగి, ప్రోగ్రామును మొదటినుంచి ఎత్తుకుంటుంది. ఈలోగా ఆజ్ఞ ఆగిపోవడంతో మోటారు పట్టు వదులుతుంది. భారం తగ్గి ఓల్టేజి మళ్లీ లేస్తుంది. ప్రోగ్రాము మళ్లీ మోటారును కదపమంటుంది. మళ్లీ కూలుతుంది. చూసేవారికి చేయి వణుకుతున్నట్టు కనిపించేది ఇదే.

కొందరు రేడియోలో వేసే 9 ఓల్టుల చదరపు బ్యాటరీ తగిలిస్తారు. అది ఇంత కరెంటు ఇవ్వలేదు, కొద్దిసేపటికే నీరసిస్తుంది. 2 ఆంపియర్ల సెల్‌ఫోను చార్జరు రెండు చిన్న సర్వోలకు సరిపోతుంది గాని, పెద్దది ఒక్కటి బిగిసినా చేతులెత్తేస్తుంది.

మూలపడ్డ పెట్టెలో ఏముంది?

ఇంటెల్ కంపెనీ 1995లో ఏ.టి.ఎక్స్. అనే కొలమానం తెచ్చింది. అప్పటినుంచి డెస్క్‌టాప్ కంప్యూటర్ల సరఫరా పెట్టెల్లో చాలా వరకు ఒకే తీరుగా ఉంటున్నాయి. తీగల రంగులు కూడా దాదాపు అన్నింటిలో ఒకటే. ఎరుపు 5 ఓల్టులు. పసుపు 12 ఓల్టులు. నారింజ 3.3 ఓల్టులు. నలుపు గ్రౌండు. ఊదారంగు తీగలో పెట్టె ఆపి ఉన్నా, గోడకు తగిలించి ఉన్నంతసేపూ 5 ఓల్టులు ఉంటాయి. ఆకుపచ్చ తీగ పెట్టెను నడిపించే మీట. బూడిదరంగు తీగ అంతా సవ్యంగా ఉందని తెలిపే గుర్తు.

సర్వోలకు కావలసింది ఎరుపు తీగలోని 5 ఓల్టులే. కొలమానం ప్రకారం ఇది 4.75కు తగ్గరాదు, 5.25కు మించరాదు. ఈ రెండు రకాల సర్వోలూ 4.8 నుంచి 6 ఓల్టుల మధ్య పనిచేసేవి కాబట్టి సరిగ్గా సరిపోతుంది.

పెట్టె పక్కన అతికించిన కాగితం మీద ఏ ఓల్టేజికి ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది. కొనేముందు చూడాల్సింది పెద్ద అక్షరాల్లో ఉండే వాట్ల అంకెను కాదు, 5 ఓల్టుల కింద ఉన్న ఆంపియర్లను. పాత పెట్టెల్లో ఇది ఎక్కువగా ఉండటం విశేషం. ఎందుకంటే పాత కంప్యూటర్లు ప్రాసెసరుకు కావలసిన శక్తిని 5 ఓల్టుల నుంచే తీసుకునేవి. 2000లో వచ్చిన పెంటియం 4 కాలం నుంచి ఆ భారం 12 ఓల్టులకు మారుతూ వచ్చింది. మోటార్లన్నీ బిగిసినప్పుడు పట్టే మొత్తం కరెంటు కట్టి, దానికి సగం కలిపి, అంత ఇవ్వగల పెట్టెను ఎంచుకోవడం క్షేమం. ఆరు మోటార్ల చేతికి 17 ఆంపియర్లు. పాత పెట్టెల్లో 20, 25 ఆంపియర్లు రాసి ఉన్నవి తరచుగా తగులుతాయి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాంతో పక్కన పెట్టే కంప్యూటర్లు మరికొన్ని పెరిగే అవకాశముంది. కాబట్టి ఈ పెట్టెలకు కరువు లేదు. గుంటూరు, విజయవాడ రిపేరు దుకాణాల్లోనూ, సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులోనూ వాడినవి దొరుకుతాయి.

ఆకుపచ్చ తీగ కిటుకు

పెట్టెను గోడకు తగిలించి స్విచ్ వేసినా ఫ్యాను తిరగదు. చాలామంది చెడిపోయిందనుకుని వదిలేసేది ఇక్కడే. కంప్యూటర్‌లో బొత్తాం నొక్కితే మదర్‌బోర్డు ఆకుపచ్చ తీగను గ్రౌండుకు కలుపుతుంది. మదర్‌బోర్డు లేదు కాబట్టి ఆ పని మనమే చేయాలి. 24 కాళ్ల పెద్ద కనెక్టరులో ఆకుపచ్చ తీగ ఒక్కటే ఉంటుంది. దాన్ని ఏ నల్లతీగకైనా ఒక చిన్న స్విచ్ ద్వారా కలిపితే పెట్టె మేలుకుంటుంది. స్విచ్ తీస్తే పడుకుంటుంది.

కొన్ని పాత పెట్టెలు భారం బొత్తిగా లేకపోతే నిలకడగా నడవవు. లేచి వెంటనే ఆగిపోతాయి, లేదా ఓల్టేజి అటూఇటూ ఊగుతుంది. సర్వో కదలనప్పుడు కరెంటు దాదాపు తీసుకోదు గనుక ఈ ఇబ్బంది తప్పదు. దీనికి ఎరుపు, నలుపు తీగల మధ్య 10 ఓములు, 10 వాట్ల పింగాణీ రెసిస్టరు ఒకటి శాశ్వతంగా బిగిస్తే చాలు. అది అర ఆంపియరు తీసుకుంటుంది. రెండున్నర వాట్ల వేడి పుడుతుంది కనుక ప్లాస్టిక్ తీగలకు తగలకుండా, ఫ్యాను గాలి తగిలే చోట బిగించాలి.

మరొక చిక్కు ఉంది. పాత పెట్టెల్లో 5, 12 ఓల్టులను రెండింటినీ కలిపే అదుపుచేస్తారు. ఒక్క 5 మీదే భారమంతా పడితే అది కొంత దిగి, 12 కొంత పైకి పోతుంది. పసుపు, నలుపు తీగల మధ్య 12 ఓల్టుల, 10 వాట్ల మోటారుసైకిల్ ఇండికేటరు బల్బు ఒకటి తగిలిస్తే త్రాసు సమంగా నిలుస్తుంది. పెట్టె నడుస్తోందని తెలిపే దీపంగానూ పనికొస్తుంది.

పసుపు తీగను మాత్రం సర్వోకు ఎట్టి పరిస్థితిలోనూ కలపరాదు. 12 ఓల్టులు తగిలిన సర్వో కాలిపోతుంది. పసుపుకూ ఎరుపుకూ మధ్య 7 ఓల్టులు వస్తాయని కొందరు దాన్ని వాడబోతారు. ఎరుపు తీగ కరెంటును ఇవ్వడానికే గాని వెనక్కి తీసుకోవడానికి కాదు. ఆ దారి తొక్కకపోవడమే మేలు.

ముందు ప్రాణం, తరువాత ప్రయోగం

ఈ పెట్టె మూత విప్పరాదు. ఇది అన్నింటికన్నా ముఖ్యం. గోడ నుంచి వచ్చే 230 ఓల్టుల ఏసీ కరెంటు లోపల సుమారు 325 ఓల్టుల డీసీగా మారి పెద్ద కెపాసిటర్లలో నిలవ ఉంటుంది. ప్లగ్గు పీకిన తరువాత కూడా కొంతసేపు అలాగే ఉండవచ్చు. ఫ్యాను చెడినా, లోపల కాలిన వాసన వచ్చినా ఆ పెట్టెను పారేయవలసిందే. పిల్లల చేత బాగుచేయించే వస్తువు కాదది.

రెండోది ఎర్తింగు. చాలా ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్టు ఉంటుంది, కాని మూడో రంధ్రం వెనుక తీగే ఉండదు. ఉన్నచోట కూడా నీళ్లు పోయక ఎర్తుగుంట ఎండిపోయి ఉంటుంది. ఎర్తు లేకుండా పెట్టెను వాడితే, లోపలి వడపోత కెపాసిటర్ల వల్ల ఇనుప బాడీ మీద సరఫరాలో సగం, అంటే 115 ఓల్టుల దాకా తేలుతుంది. ముట్టుకుంటే చురుక్కుమనేది అందుకే. ఈ కరెంటు స్వల్పమే గాని లోపల ఏదైనా తీగ బాడీకి తగిలితే మొత్తం 230 ఓల్టులూ బాడీ మీదికి వస్తాయి. పెట్టె బాడీ, నల్లతీగలు లోపల కలిసే ఉంటాయి. నల్లతీగ మరచేతి ఇనుప చట్రానికి తగిలి ఉంటే, ఆ చేతిని పట్టుకున్న పిల్లవాడికీ గోడలోని కరెంటుకూ మధ్య అడ్డు ఏదీ ఉండదు.

కాబట్టి ఎలక్ట్రీషియన్ చేత ఎర్తు చూపించుకున్న సాకెట్టులోనే దీన్ని పెట్టాలి. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల బోర్డులో దూర్చడం ప్రాణాంతకం. ప్రదర్శన జరిగే చోట షామియానా వారు లాగిన తీగకు ఎర్తు ఉందో లేదో ముందే అడగాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉన్న లైను అయితే మరీ మంచిది.

కొన్ని పాత పెట్టెల వెనుక 115, 230 అని రాసిన చిన్న ఎర్రస్విచ్ ఉంటుంది. అది 230 మీద ఉందో లేదో చూడకుండా తగిలిస్తే పెట్టె ఢామ్మని పేలుతుంది.

తీగ సన్నమైతే ఓల్టేజి గల్లంతు

పెట్టె బాగుంది, 5 ఓల్టులూ సరిగా ఉన్నాయి, అయినా చేయి వణుకుతోంది. అప్పుడు చూడాల్సింది తీగను. బోర్డుతోపాటు వచ్చే రంగురంగుల జంపరు తీగలు ఆజ్ఞలు మోయడానికే గాని భారం మోయడానికి కాదు. మీటరు పొడవున్న 28 గేజి తీగలో, వెళ్లే దారీ వచ్చే దారీ కలిపి, రెండున్నర ఆంపియర్లకు ఒక ఓల్టు దాకా దారిలోనే హరించుకుపోతుంది. 5 బయలుదేరితే మోటారుకు చేరేది 4. అదే ఇంటి వైరింగుకు వాడే ఒక చదరపు మిల్లీమీటరు రాగితీగ అయితే పోయేది ఓల్టులో పదో వంతు కూడా ఉండదు. మిగిలిపోయిన వైరింగు ముక్కలు ఎలక్ట్రీషియన్ దగ్గర ఊరికే దొరుకుతాయి.

రంధ్రాల ప్లాస్టిక్ పలకలో, అంటే బ్రెడ్‌బోర్డులో, మోటార్ల కరెంటు నడపరాదు. దాని లోపలి రేకులు ఇంత భారానికి కావు. వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. వైరింగులో వాడే స్క్రూ కనెక్టరు పట్టీ వాడాలి. పెట్టె నుంచి కూడా ఒకే ఎర్రతీగ మీద భారం వేయకుండా రెండు మూడు ఎర్రతీగలు, అన్నే నల్లతీగలు కలిపి తీసుకోవాలి. హార్డ్ డిస్కులకు తగిలించే నాలుగు కాళ్ల కనెక్టర్ల గుత్తులు ఇందుకు అనువుగా ఉంటాయి. పెద్ద కనెక్టరును కోయాల్సివస్తే ఒక జాగ్రత్త ఉంది. నారింజ తీగలున్న ఒక కాలులోకి మరో సన్నని తీగ కూడా వచ్చి కలిసి ఉంటుంది. ఓల్టేజి ఎంతుందో పెట్టెకు చెప్పే తీగ అది. దాన్ని మళ్లీ నారింజ తీగకే కలపకపోతే పెట్టె సరిగా నడవదు.

నల్లతీగలు కలవాల్సిందే

మోటార్లకు పెట్టె నుంచి, బోర్డుకు యు.ఎస్.బి. నుంచి కరెంటు ఇచ్చినప్పుడు తరచుగా మరిచిపోయేది ఒకటుంది. పెట్టె నల్లతీగనూ బోర్డు గ్రౌండునూ కలపాలి. కలపకపోతే బోర్డు పంపే ఆజ్ఞకు తిరుగుదారి ఉండదు. మోటార్లు పిచ్చిపట్టినట్టు తిరుగుతాయి లేదా అసలు కదలవు. అయితే పెట్టె ఎరుపును బోర్డు 5 ఓల్టుల కాలుకు కలపరాదు. రెండు సరఫరాలు ఎదురెదురుగా తోసుకుంటే కంప్యూటర్ యు.ఎస్.బి.కి చేటు. నలుపు నలుపు కలవాలి, ఎరుపు ఎరుపు కలవరాదు అని గుర్తుంచుకుంటే సరి.

మోటార్ల దగ్గర, కనెక్టరు పట్టీ మీదే, 1000 మైక్రోఫారడ్లు, 16 ఓల్టుల కెపాసిటరు ఒకటి ఎరుపు నలుపుల మధ్య పెట్టాలి. ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు లాంటిదది. అందరూ ఒక్కసారి కుళాయి తిప్పినప్పుడు ఆ క్షణానికి ఆదుకుంటుంది. చారగీత ఉన్న కాలు నలుపు వైపు ఉండాలి. తిరగేస్తే పగులుతుంది.

20 ఆంపియర్లు ఇచ్చే పెట్టెతో ఇంకో ప్రమాదముంది. సన్నని తీగలు రెండు ఒరుసుకుంటే, పెట్టె దాన్ని మామూలు భారమే అనుకుని కరెంటు ఇస్తూనే ఉండవచ్చు. తీగ ఎర్రగా కాలుతుంది. అందుకని ఎరుపు దారిలో కార్లలో వాడే 10 ఆంపియర్ల రేకుఫ్యూజు తప్పనిసరి. బిగిసిపోయిన సర్వో విషయమూ అంతే. బలహీనమైన సరఫరా మీద అది వణికి ఊరుకునేది. బలమైన సరఫరా మీద మూలుగుతూ కాలిపోతుంది. మూలుగు వినబడితే వెంటనే స్విచ్ తీసి బరువు తగ్గించాలి. ఎం.జి. 996 ఆర్ 4.8 ఓల్టుల వద్ద ఇరుసు నుంచి ఒక సెంటీమీటరు దూరంలో 9.4 కిలోలు నిలపగలదని తయారీదారుల లెక్క. అంటే 20 సెంటీమీటర్ల చేయి చివర 470 గ్రాములు. అది ఆగిపోయే హద్దు. చేతి సొంత బరువూ కలిపి అందులో సగానికి మించకుండా చూసుకోవాలి.

ప్రోగ్రాములో కూడా చిన్న సర్దుబాటు అవసరం. మోటార్లన్నింటినీ ఒకేసారి కదపక, ఒకదాని వెనుక ఒకటి కొద్ది విరామంతో లేపితే సరఫరా మీద ఒక్కసారిగా దెబ్బ పడదు.

ప్రదర్శనకు ముందు పరీక్ష

మోటార్లు తగిలించకముందే మల్టీమీటరుతో ఎరుపు నలుపుల మధ్య కొలవాలి. 4.75, 5.25 మధ్య లేకపోతే ఆ పెట్టె వద్దు. తరువాత ఒక్క మోటారు తగిలించి, అది కదులుతుండగా దాని తీగల కొస దగ్గర కొలవాలి. ఆపై రెండు, నాలుగు, ఆరు. అన్నీ కలిసి బరువు ఎత్తుతున్నప్పుడు కూడా కొసన 4.8కు దిగకపోతే ఇక వణుకు భయం లేనట్టే. పెట్టె దగ్గర బాగుండి కొసన దిగితే తప్పు తీగది. పెట్టె దగ్గరే దిగితే తప్పు పెట్టెది. మామూలు మల్టీమీటరు క్షణకాలపు కుంగును పట్టుకోలేదు కాబట్టి అరగంటసేపు ఆపకుండా ఆడించి చూడటం అవసరం. పెట్టె హఠాత్తుగా ఆగిపోతే పాడయిందని కంగారుపడనక్కరలేదు. ఎక్కడో షార్టు అయితే అది తనను తాను కాపాడుకోవడానికి ఆగుతుంది. ప్లగ్గు తీసి, షార్టు సరిచేసి, కాసేపాగి తిరిగి వేస్తే లేస్తుంది.

ఎన్నో పాఠశాలల్లో పనికిరాని కంప్యూటర్లు గదుల్లో దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. అవి స్టాకు రిజిస్టరులో ఉన్న వస్తువులు గనుక అనుమతి లేకుండా ప్రధానోపాధ్యాయులు వాటి మీద చేయి వేయలేరు. పాత సామాను తుక్కు వ్యాపారికి అప్పగించేలోగా, బాగున్న సరఫరా పెట్టెలను పరీక్షించి సైన్సు ల్యాబుకు మళ్లించేందుకు విద్యాశాఖాధికారులు వీలు కల్పిస్తే ఖర్చు పెద్దగా ఉండదు. దాంతోపాటు ఏడాదికొకసారి ల్యాబు గది ఎర్తింగును ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించాలి. పెట్టె ఉచితంగా వచ్చినా ఎర్తు లేని గదిలో అది పిల్లల చేతికి ఇవ్వదగిన వస్తువు కాదు.